నొప్పి లేదు, గెంతు 96 శాతం వచ్చింది. అయినా మోకాలు ఆటకు సిద్ధమేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 23 ఏళ్లు, ఫుట్‌బాల్ ఆడతారు, ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్, అంటే గట్టి పట్టీ) తెగితే హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్‌తో (తొడ వెనక స్నాయువును దాని చోట అమర్చి) సర్జరీ అయి ఏడు నెలలైంది. నొప్పి లేదు, వాపు కంటికి కనిపించడం లేదు. ఒంటికాలితో ముందుకు గెంతితే ఆపరేషన్ కాలు రెండో కాలి దూరంలో 96 శాతం అందుకుంటోంది. మళ్లీ మ్యాచ్ ఆడొచ్చా? బయోమెకానిక్స్ (శరీర కదలికలను, వాటి వెనకున్న బలాలను కొలిచే శాస్త్రం) పరిశోధన అని చదువుతున్నదంతా ల్యాబ్‌లు ఉన్న పెద్ద క్లబ్బుల వాళ్లకేనా, మామూలు ఆటగాడికి అందులో ఏమైనా పనికొస్తుందా?

మొదటి ప్రశ్నకు నా జవాబు, ఇప్పుడే వద్దు. రెండో ప్రశ్నకు, తప్పకుండా పనికొస్తుంది. మొదటి జవాబు నేను ఇవ్వగలుగుతున్నదే ఆ పరిశోధన వల్ల. నేను ఫిజియోని, చాలా ఏళ్లుగా మోకాళ్ల రీహాబ్‌లోనే ఉన్నాను, మధ్యలో కొంతకాలం కదలికలు కొలిచే ల్యాబ్‌లో పనిచేశాను. ఏ మోకాలు చూసినా నేను ముందు అడిగేది ఒక్కటే: ఈ కదలికలో పని చేస్తున్నది మోకాలేనా, లేక దాని బదులు ఇంకేదో కీలు చేస్తోందా?

మీ 96 శాతం దగ్గరే మొదలుపెడదాం. ఒంటికాలితో ముందుకు గెంతేటప్పుడు నేలను తన్నే పనిలో మోకాలి వాటా దాదాపు 12 శాతమే. మిగతాదంతా తుంటి, చీలమండ సగం సగంగా పంచుకుంటాయి. అంటే మోకాలు బాగా బలహీనంగా ఉన్నా దూరం పెద్దగా తగ్గదు. ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే వాళ్ల పని మిగతా ఇద్దరూ చెప్పకుండానే చేసేసినట్టు, తుంటి, చీలమండ ఆ లోటు పూడ్చేస్తాయి. ఖతార్‌లోని ఆస్పెటార్ ఆసుపత్రి పరిశోధకులు ఏసీఎల్ సర్జరీ తర్వాత ఆటకు అనుమతి పొందిన క్రీడాకారులను, నేల మీద పడే బలాన్ని కొలిచే ఫోర్స్ ప్లేట్ల మీద గెంతించి 2022లో ఫలితాలు ప్రచురించారు. దూరంలో రెండు కాళ్ల మధ్య తేడా మూడు శాతమే ఉంది. మోకాలు చేసిన పని మాత్రం బాగా వెనకబడి ఉంది. పైగా ముందుకు గెంతి దిగేటప్పుడు దెబ్బను పీల్చుకునే పనిలో మోకాలి వాటా సుమారు 65 శాతం. ఫుట్‌బాల్‌లో ఏసీఎల్ ఎక్కువగా తెగేది నేలను తన్ని ఎగిరేటప్పుడు కాదు. దిగేటప్పుడు, ఆగేటప్పుడు, దిశ మార్చేటప్పుడు. మీరు కొలిచిన దూరం ఆ దిగే సగం గురించి ఏమీ చెప్పదు.

దీనికి తేలికైన ప్రత్యామ్నాయం ఉంది. ఒంటికాలితో నిలువుగా పైకి ఎగరడం. పైకి ఎగిరేటప్పుడు మోకాలు దాదాపు మూడో వంతు పని చేయాలి, కాబట్టి లోటు దాచుకోవడం కష్టం. దీన్ని ఫోన్‌తోనే కొలవొచ్చు. స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ ఉంటే చాలు. చేతులు నడుము మీద పెట్టుకుని ఎగరండి. పాదం నేల వదిలిన ఫ్రేము నుంచి మళ్లీ తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. మంచి కాలికి 96 ఫ్రేములు వచ్చాయనుకోండి, అంటే గాల్లో ఉన్నది 0.4 సెకను. ఆ సమయాన్ని ఆ సమయంతోనే గుణించి, 9.81తో గుణించి, ఎనిమిదితో భాగిస్తే ఎత్తు మీటర్లలో వస్తుంది, ఇక్కడ 19.6 సెంటీమీటర్లు. ఆపరేషన్ కాలికి 84 ఫ్రేములు వస్తే 0.35 సెకను, ఎత్తు 15 సెంటీమీటర్లు. సమయం లెక్కన చూస్తే 87 శాతం పైనే కనిపిస్తుంది, ఎత్తు లెక్కన అది 77 శాతం మాత్రమే. కొందరు సమయాన్నే పోల్చి సంతోషపడతారు. పోల్చాల్సింది ఎత్తును. ఇంకో జాగ్రత్త, దిగేటప్పుడు కాలు ముడుచుకుని దిగితే గాల్లో ఉన్న సమయం అబద్ధంగా పెరుగుతుంది. ఎగిరినప్పుడు ఎలా నిటారుగా ఉందో అలాగే నేలను తాకి, తర్వాతే వంగాలి.

ఇక రెండు కాళ్లను పోల్చడంలోనే ఒక చిక్కు ఉంది. గాయమయ్యాక మీరు నెలల తరబడి ఆడలేదు, పరిగెత్తలేదు. మంచి కాలూ ఆ కాలంలో బలం కోల్పోయింది. తగ్గిపోయిన కాలితో పోల్చి 90 శాతం దాటామనుకుంటే అది గాయానికి ముందున్న స్థాయి కాదు. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ఇదే చూపించారు. సర్జరీకి ముందు మంచి కాలి బలాన్ని కొలిచి ఉంచుకుని, ఆరు నెలల తర్వాత దానితో పోలిస్తే, మామూలు పద్ధతిలో పాసైన చాలామంది ఫెయిలయ్యారు. మీ దగ్గర సర్జరీకి ముందు కొలతలు ఉంటే వాటినే వాడండి. లేకపోతే శరీర బరువుతో పోల్చే పద్ధతి ఉంది. కాలు ఒకే వేగంతో కదిలేలా చేసి కండర బలాన్ని కొలిచే ఐసోకైనెటిక్ మెషిన్ మీద సెకనుకు 60 డిగ్రీల వేగంతో తొడ ముందు కండరం, అంటే క్వాడ్రిసెప్స్, ప్రతి కిలో బరువుకు సుమారు 3 న్యూటన్ మీటర్ల టార్క్ (కీలును తిప్పే బలం) ఇవ్వాలని చాలామంది యువ ఆటగాళ్లకు లక్ష్యంగా పెడతారు. 70 కిలోల మనిషికి 210 న్యూటన్ మీటర్లు. ఆ మెషిన్ అందుబాటులో లేకపోతే మీ ఫిజియో దగ్గర చేతిలో పట్టే డైనమోమీటర్ (బలం కొలిచే పరికరం) ఉండొచ్చు. దాన్ని చేత్తో పట్టి కాకుండా గట్టి బెల్టుతో బిగించి, మోకాలు 90 డిగ్రీల్లో పెట్టి కొలవమనండి. బలమైన తొడను చేత్తో ఆపడం ఎవరి వల్లా కాదు, అలా కొలిస్తే తెలిసేది ఫిజియో చేతి బలమే.

క్వాడ్రిసెప్స్ గురించి ఇంత చెబుతున్నానంటే కారణం ఉంది. ఏసీఎల్ సర్జరీ తర్వాత అన్నిటికంటే మొండిగా వెనకబడేది ఇదే, దానికి బద్ధకం కారణం కాదు. కీలులో నీరు చేరితే వెన్నుపాము స్థాయిలోనే ఆ కండరానికి వెళ్లే సంకేతం తగ్గిపోతుంది. 1984లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఏ గాయమూ లేని మోకాళ్లలోకి సెలైన్ ఎక్కించి చూశారు. 20 నుంచి 30 మిల్లీలీటర్లకే తొడ లోపలి వైపు భాగం మందగించింది. మిగతా భాగాలకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు పట్టింది. నొప్పి లేకుండా, గాయం లేకుండా, కేవలం నీటి వల్లే ఇది జరిగింది. అందుకే వాపు కంటికి కనిపించడం లేదు అన్న మీ మాట నాకు చాలదు. మోకాలి చిప్పకు లోపలి వైపు నుంచి నీటిని అరచేత్తో పైకి నెట్టి, ఆ తర్వాత బయటి వైపు పైనుంచి కిందికి నిమిరి, లోపలి వైపు మళ్లీ అల కనిపిస్తుందేమో చూసే పరీక్ష ఫిజియోలందరికీ తెలుసు. గట్టిగా వ్యాయామం చేసిన మర్నాడు పొద్దున అది చేయించుకోండి. అల కనిపిస్తే మోకాలు ఆ భారాన్ని ఇంకా ఒప్పుకోలేదని అర్థం. ఆ వారం వ్యాయామంలో ఎత్తే బరువు తగ్గించాలి, అంతేగాని పూర్తిగా ఆపేయనక్కర్లేదు.

లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషిన్ (కూర్చుని బరువుకు ఎదురుగా కాలు చాపేది) గ్రాఫ్ట్‌ను తెంచేస్తుందని, స్క్వాట్ (గుంజీలా కిందికి వంగి లేవడం) మాత్రమే సురక్షితమని మీకూ ఎవరో చెప్పే ఉంటారు. ఈ భయం వల్ల ఎన్నో తొడలు ఏడాది దాకా సన్నగానే ఉండిపోవడం చూశాను, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 1990లలో బతికున్న మనుషుల ఏసీఎల్ మీదే చిన్న సెన్సార్ అమర్చి, వ్యాయామాలు చేయించి, లిగమెంట్ ఎంత సాగుతోందో నేరుగా కొలిచారు. మోకాలు దాదాపు చాపినప్పుడు, ముఖ్యంగా చివరి 30 డిగ్రీల్లో (పూర్తిగా చాపితే 0 డిగ్రీలు), కాలు చాపే వ్యాయామంలో సాగుదల 4 శాతం దగ్గర ఉంది. స్క్వాట్‌లోనూ ఇంచుమించు అంతే. 60, 90 డిగ్రీల్లో తొడను బిగిస్తే సాగుదల లేనే లేదు. తేడా ఎక్కడంటే, కాలు చాపే వ్యాయామంలో బరువు పెంచితే ఆ చివరి కోణాల్లో సాగుదల పెరిగింది, స్క్వాట్‌లో బరువు పెంచినా పెరగలేదు.

మోకాలి చిప్ప వైపు నుంచి కూడా చూడండి. చిప్ప వెనక మృదులాస్థి మీద ఒత్తిడిని లెక్కగడితే, స్క్వాట్ లాంటి లెగ్ ప్రెస్‌లో (కాళ్లతో బరువును నెట్టే మెషిన్) అది మోకాలు వంచేకొద్దీ పెరుగుతుంది. కూర్చుని కాలు చాపే వ్యాయామంలో చాపేకొద్దీ పెరుగుతుంది. ఈ రెండు గీతలు 48 డిగ్రీల దగ్గర కలుస్తాయని 1993లో లెక్కగట్టారు. కాబట్టి కూర్చుని చాపేటప్పుడు 90 నుంచి 45 డిగ్రీల దాకా, నిలబడి చేసేటప్పుడు 0 నుంచి 45 దాకా చిప్పకు హాయి. కూర్చుని చేసే ఆ 90–45 మధ్యలోనే ఏసీఎల్ మీద కూడా భారం పడదు. గ్రాఫ్ట్‌కీ, చిప్పకీ ఒకే కోణాలు అనుకూలంగా రావడం మన అదృష్టం. మొదటి నెలల్లో ఈ పరిధిలో చేయించి, తర్వాత నెమ్మదిగా చివరిదాకా చాపనిస్తాం. ఏడో నెలలో ఉన్న మీకు, సర్జన్ ప్రత్యేకంగా వద్దని చెప్పి ఉండకపోతే, ఈ మెషిన్‌కు దూరంగా ఉండాల్సిన కారణం నాకు కనిపించడం లేదు. స్క్వాట్ ఒక్కటే చేస్తే తుంటి మళ్లీ పని లాక్కుంటుంది. కూర్చుని కాలు చాపేటప్పుడు తుంటికి ఆ అవకాశం ఉండదు. క్వాడ్రిసెప్స్ ఒక్కటే చేయాలి. వారానికి రెండు రోజులు, ఒక్కో కాలితో విడిగా, చివరి రెండు మూడు సార్లు నిజంగా కష్టమనిపించే బరువుతో చేయండి.

సమయం సంగతి. ఆపరేషన్ రోజున నాలుగు మడతల హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ అసలు ఏసీఎల్ కంటే బలంగానే ఉంటుంది. యువకుల ఏసీఎల్ సుమారు 2160 న్యూటన్ల దగ్గర తెగుతుందని ల్యాబ్‌లో కొలిచారు, గ్రాఫ్ట్ అంతకన్నా ఎక్కువే మోస్తుంది. కానీ లోపల పెట్టాక అందులోని కణాలు చనిపోతాయి, కొత్త రక్తనాళాలు వస్తాయి, కొత్త కణాలు పాత కొల్లాజెన్‌ను (నారల్లాంటి ప్రోటీన్) తీసేసి కొత్తది అల్లుతాయి. ఈ మార్పులో గ్రాఫ్ట్ ముందు బలహీనపడి, తర్వాతే కోలుకుంటుంది. ఇది ఏడాది దాటి కూడా సాగుతుంది. ఇదంతా జరుగుతున్నప్పుడు మీకు ఏ నొప్పీ ఉండదు, అందుకే నొప్పి లేకపోవడాన్ని నేను లెక్కలోకి తీసుకోను. 2016లో డెలావేర్, నార్వేలోని ఓస్లో పరిశోధకుల బృందం 106 మందిని రెండేళ్లు గమనించింది. ఆటకు తిరిగి వెళ్లడం తొమ్మిది నెలల దాకా ఒక్కో నెల వాయిదా పడేకొద్దీ మళ్లీ మోకాలి గాయమయ్యే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. తొమ్మిది తర్వాత ఇంకా ఆగితే అదనపు లాభం కనిపించలేదు. బలం, గెంతు పరీక్షలన్నీ పాసై వెళ్లినవాళ్లలో 5.6 శాతం మందికి మళ్లీ గాయమైంది, పాసవకుండా వెళ్లినవాళ్లలో 38.2 శాతం మందికి. చిన్న అధ్యయనమే, అయినా మీ వయసుకు దీన్ని తేలిగ్గా తీసుకోలేను. 25 ఏళ్ల లోపు ఉండి ఆటకు తిరిగి వెళ్లినవాళ్లలో సుమారు 23 శాతం మందికి రెండో ఏసీఎల్ గాయమవుతుందని అదే ఏడాది చాలా అధ్యయనాలు కలిపి లెక్కగట్టారు. ఆ రెండో గాయం అదే మోకాలికి కావాలని లేదు, మంచి మోకాలికీ కావచ్చు.

ఇప్పుడు, లిగమెంట్ ఎలా తెగుతుందో చూస్తే ట్రైనింగ్ ఎలా ఉండాలో తెలుస్తుంది. నార్వే పరిశోధకులు మహిళల హ్యాండ్‌బాల్, బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లలో ఏసీఎల్ తెగిన పది సంఘటనలను, అనేక కెమెరాల వీడియోల నుంచి త్రీడీలో మళ్లీ నిర్మించి 2010లో ప్రచురించారు. పాదం నేలను తాకిన 40 మిల్లీసెకన్లలోనే మోకాలు లోపలికి 12 డిగ్రీలు ఒరిగింది, సుమారు అప్పుడే లిగమెంట్ తెగింది. మామూలు వీడియోలో అది ఒక్క ఫ్రేమ్ కంటే కాస్త ఎక్కువ. అంత తక్కువ సమయంలో మెదడు చూసి, నిర్ణయించి, కండరాన్ని బిగించి మోకాలిని కాపాడటం జరగని పని. కాపాడేది ఏదైనా పాదం గాల్లో ఉన్నప్పుడే సిద్ధమై ఉండాలి. కాబట్టి ఖాళీ గదిలో, ఎదురుగా అద్దం చూసుకుంటూ, ముందే తెలిసిన చోట దిగడం ప్రాక్టీస్ చేస్తే సగం పనే అవుతుంది. బంతి ఎటు వస్తుందో చివరి క్షణం దాకా తెలియకూడదు, ఎవరో పక్కనుంచి అడ్డం రావాలి, దిగుతూనే ఎటు తిరగాలో అప్పుడే చెప్పాలి. ఇవన్నీ ఫిజియో లేదా కోచ్ పర్యవేక్షణలో తేలికగా మొదలుపెట్టి పెంచాలి. సూచనలు కూడా మోకాలి గురించి కాక బయటి వాటి గురించి ఉంటే కదలిక బాగా అలవడుతుందని మోటార్ లెర్నింగ్ (కదలికలు ఎలా నేర్చుకుంటామన్న) పరిశోధనలు చెబుతాయి. ‘మోకాలు లోపలికి పోనివ్వకు’ అనే బదులు ‘నేల మీద చప్పుడు రాకుండా దిగు’ అని చెప్పించుకోండి.

మోకాలు లోపలికి ఒరిగే విషయంలో ఒక హెచ్చరిక. అమెరికాలోని సిన్సినాటిలో 205 మంది అమ్మాయిల మీద చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం, పెట్టె మీద నుంచి దూకి దిగేటప్పుడు మోకాలిని లోపలికి తోసే బలం ఎక్కువున్నవాళ్లకే తర్వాత ఏసీఎల్ తెగిందని చెప్పింది. అప్పటి నుంచి అందరూ ఆ పరీక్షే చేశారు. 2016లో నార్వేలో 700 మందికి పైగా అగ్రశ్రేణి క్రీడాకారిణుల మీద చేసినప్పుడు ఆ బలం ఎవరికి తెగుతుందో చెప్పలేకపోయింది. కాబట్టి మీ వీడియోలో మోకాలు రెండు డిగ్రీలు లోపలికి కనిపించిందని టెన్షన్ పడకండి, నిటారుగా కనిపించిందని ధీమా పడకండి. సర్జరీ అయినవాళ్ల సంగతి కొంచెం వేరు. సిన్సినాటి బృందమే 2010లో 56 మంది తిరిగి ఆటకెళ్లిన క్రీడాకారులను చూస్తే, 13 మందికి ఏడాదిలోపు మళ్లీ ఏసీఎల్ గాయమైంది. వాళ్లలో ముందే కనిపించిన తేడాల్లో రెండు మోకాళ్ల పని సమంగా లేకపోవడం, ఒంటికాలి మీద నిలకడ తగ్గడం, ఆపరేషన్ కాని కాలి తుంటి మలుపును అదుపు చేయలేకపోవడం ఉన్నాయి. కాబట్టి వ్యాయామాలన్నీ రెండు కాళ్లకూ చేయండి. మంచి కాలిని వదిలేయకండి.

నడక గురించి ఎవరూ అడగరు, నాకు మాత్రం అది చాలా ముఖ్యం. బెర్లిన్‌లోని షరీటే ఆసుపత్రి పరిశోధకులు లోపల సెన్సార్లున్న కృత్రిమ మోకాళ్లు పెట్టించుకున్నవాళ్లలో బలాలను నేరుగా కొలిచారు. మామూలు నడకలోనే మోకాలి మీద శరీర బరువుకు రెండున్నర రెట్లు పడుతుంది, మెట్లు దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లు. ఇది చదివి, భారం తగ్గిస్తే మోకాలికి మంచిదే కదా అనిపిస్తుంది. ఏసీఎల్ తెగినవాళ్లలో జరిగింది వేరు. 22 మందిని ఐదేళ్లు గమనిస్తే, మొదటి నెలల్లో గాయపడిన మోకాలి లోపలి భాగం మీద భారం తక్కువ వేసి నడిచినవాళ్లలోనే తర్వాత ఎక్స్-రేలో ఆర్థరైటిస్ కనిపించింది. కొద్దిమందే కాబట్టి ఇదే కారణమని తేల్చలేం. కానీ మృదులాస్థికి తగినంత భారం అవసరమని మనకు తెలిసిన దానితో ఇది సరిపోతుంది. పక్కనుంచి మీ నడకను స్లో మోషన్‌లో తీసి చూడండి. మడమ నేలను తాకిన వెంటనే మోకాలు 15 నుంచి 20 డిగ్రీలు వంగి మళ్లీ చాపుకోవాలి. ఆపరేషన్ కాలు ఆ వంపు లేకుండా కర్రలా ముందుకు పోతుంటే, క్వాడ్రిసెప్స్‌ను వాడకుండా శరీరం తప్పించుకుంటోందని తెలుస్తుంది. అలాగే మోకాలు రెండో కాలంత పూర్తిగా చాపుకుంటోందో లేదో బోర్లా పడుకుని రెండు మడమల ఎత్తు పోల్చి చూసుకోండి.

ల్యాబ్ కావాలా అన్నారు కదా. స్టాన్‌ఫర్డ్ వాళ్లు తయారుచేసిన ఓపెన్‌క్యాప్ అనే పద్ధతి రెండు ఐఫోన్ల వీడియోతో కీళ్ల కోణాలనూ బలాలనూ అంచనా వేస్తుంది, పరిశోధనకు ఉచితం. మీ ఫిజియోకు ఆసక్తి ఉంటే ప్రయత్నించవచ్చు. లేకపోయినా నష్టం లేదు. నిలువు గెంతు ఎత్తు, క్వాడ్రిసెప్స్ టార్క్, మర్నాటి వాపు, ఈ మూడూ నెలకోసారి ఒకే పద్ధతిలో రాసుకుంటే మీ నిర్ణయానికి కావలసినదంతా దాదాపు అందులోనే ఉంటుంది.

కాబట్టి వచ్చే రెండు నెలలు ఇలా చేయమంటాను. బలం, ఎత్తు పెంచడం మీద దృష్టి పెట్టండి. పరిగెత్తేటప్పుడు చిప్ప చుట్టూ నొప్పి వస్తే అదే వేగంలో నిమిషానికి వేసే అడుగుల సంఖ్య 5 నుంచి 10 శాతం పెంచండి. 10 శాతం పెంచితే చిప్ప మీద బలం 14 శాతం తగ్గిందని లెక్కలు ఉన్నాయి, అడుగు చిన్నదవుతుంది కాబట్టి. టీమ్‌తో ట్రైనింగ్ మొదలుపెట్టినా ముందు ఒంటరి డ్రిల్స్, తర్వాత ఎవరూ తగలని ఆట, తర్వాత పూర్తి ట్రైనింగ్, చివర్లో కొద్ది నిమిషాల మ్యాచ్. తొమ్మిది నెలలు నిండేసరికి నిలువు గెంతు ఎత్తు, బలం రెండూ మంచి కాలితో (సర్జరీకి ముందు కొలతలుంటే వాటితో) పోలిస్తే 90 శాతం దాటకపోతే క్యాలెండర్‌ను చూడకండి, పదో నెల, పదకొండో నెల అయినా ఆగండి. ఆట మొదలయ్యాక గాయాలు తగ్గించడానికి ఫిఫా రూపొందించిన ఫిఫా 11+ వార్మప్‌ను వారానికి రెండు మూడు సార్లు, ఇరవై నిమిషాలు, మానకుండా చేయండి. బ్రేస్ (మోకాలికి కట్టే ఆధారం) వేసుకుంటే త్వరగా వెళ్లొచ్చా అని తర్వాత అడుగుతారేమో. ఆ 40 మిల్లీసెకన్లలో మోకాలిని అది ఆపుతుందన్న నమ్మకం నాకు లేదు, ధైర్యం కోసం వేసుకుంటే అభ్యంతరం లేదు.

ఈ మధ్యలో మోకాలు ఒక్కసారైనా కిందికి జారిపోయినట్టు అనిపించినా, మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోయినా, వ్యాయామం తర్వాత వాపు రెండు రోజులు దాటి నిలిచినా, నేను చెప్పినవన్నీ పక్కన పెట్టి ముందు మీ సర్జన్‌కు చూపించండి. గ్రాఫ్ట్ సాగిందా, మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలాంటి మృదులాస్థి) చిరిగిందా అన్నది చేత్తో పరీక్షించి, అవసరమైతే ఎంఆర్ఐ తీసి ఆయనే చెప్పాలి.